పడవ ఎక్కే ముందు



విజయవాడలో పుట్టి పెరిగినవాళ్లను ఎవరినైనా అడగండి, ప్రకాశం బ్యారేజీ మీదుగా ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగారని. లెక్క చెప్పలేరు. అదే మనిషిని ఇంకో మాట అడగండి. నీళ్ల మీద కూర్చుని ఆ బ్యారేజీని ఎప్పుడైనా చూశారా అని. చాలామంది కాసేపు ఆలోచనలో పడతారు. నది మన గుమ్మం ముందే ఉంది. మూడు కాలువలు ఊళ్లోంచే పోతున్నాయి. పొద్దున్నే బయల్దేరితే ఎండ ఎక్కేలోపు సముద్రం దగ్గరుంటాం. అయినా నీళ్ల దగ్గరికి వెళ్లడమంటే మనకు పుష్కరాలు, కార్తీక స్నానాలు గుర్తొస్తాయి. లేదంటే వరదలు గుర్తొస్తాయి. పడవ షికారు అంత త్వరగా గుర్తు రాదు.

ఈ పూట మీతో మాట్లాడాలనుకున్నది ఆ పడవ షికారు గురించే. బెజవాడ నుంచి సముద్రపు మొగ దాకా మనవాళ్లు సరదాగా నీళ్ల మీద తిరగడానికి ఏమేం ఉన్నాయి, ఎలా తిరగాలి అన్నదాని గురించి. ముందే ఒక మాట చెప్పేస్తాను. పడవ షికారు ఒడ్డు మీదే మొదలవుతుంది. ఎక్కే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఆ రెండూ ఏమిటో కాసేపట్లో చెబుతాను. ఈ ప్రసంగంలో మిగతావన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు. ఆ రెండు మాత్రం గుర్తుంచుకోండి.

ముందు పున్నమి ఘాట్‌కు వెళదాం. భవానీపురం వైపు, బెరం పార్కుకు దగ్గర్లో. పర్యాటక శాఖ పడవలు ఉండేది అక్కడే. అక్కడ ఎక్కి నది మధ్యకు వెళ్లి బ్యారేజీ వైపు తిరిగి చూడండి. ఎడమ వైపు ఇంద్రకీలాద్రి. కొండ మీద అమ్మవారి గుడి. కుడి వైపు సీతానగరం కొండ. ఆ రెండు కొండల మధ్య ఒక గట్టు నుంచి ఇంకో గట్టు దాకా బ్యారేజీ. మీద బళ్లు చీమల్లా పాకుతుంటాయి. రోజూ ఆ చీమల్లో మనమూ ఒకరం. నీళ్ల మీద నుంచి చూసినప్పుడు మాత్రం, ఈ ఊరు ఇక్కడే ఎందుకు పుట్టిందో ఒక్క చూపులో అర్థమవుతుంది. రెండు కొండల సందులో నది ఇరుకవుతుంది. అడ్డుకట్ట వేయాలంటే ఇంతకంటే మంచి చోటు దొరకదు.

కాటన్ దొర ఆలోచన, కెప్టెన్ ఆర్ పనితనం కలిసి ఇక్కడ మొదటి ఆనకట్ట లేచింది. 1855 నాటికి పూర్తయింది. దాదాపు వందేళ్లు డెల్టాకు నీళ్లిచ్చి, 1952లో తెగింది. దాని స్థానంలో కట్టిందే ఇప్పటి బ్యారేజీ. 1957లో పూర్తయింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన పడవ షికారు ఆ గేట్ల పుణ్యమే. బ్యారేజీ గేట్లు దించి ఉంచినన్నాళ్లూ పైన నీళ్లు నిలబడి ఉంటాయి. సుడులుండవు. లాగుడు ఉండదు. పిల్లలను, పెద్దవాళ్లను ఎక్కించుకుని హాయిగా తిరగవచ్చు. గేట్లు ఎత్తారా, అదే నీరు వేరే నీరైపోతుంది. ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

పున్నమి ఘాట్ నుంచి ఎక్కువమంది వెళ్లేది భవానీ ద్వీపానికి. నూట ముప్పై ఎకరాల పైన ఉన్న లంక అది. నది మధ్యలో అంత నేల, అంత చెట్ల నీడ ఉందని ఒడ్డున నిలబడి చూస్తే తెలియదు. పిల్లలకు ఆడుకునే చోటు, పెద్దవాళ్లకు కూర్చునే చోటు ఉన్నాయి. చలికాలంలో ఒక ఆదివారం, ఇంట్లో పులిహోర కలుపుకుని, మంచినీళ్ల సీసాలు పెట్టుకుని వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. నాకు ఆ దృశ్యం చాలా ఇష్టం. నాన్నమ్మను ఇద్దరు మనవలు చెరో చెయ్యీ పట్టుకుని పడవలోకి దింపుతారు. ఆవిడ కూర్చోగానే ముందు చేసే పని నీళ్లలో చెయ్యి ముంచి తల మీద చల్లుకోవడం. ఆ తర్వాతే చుట్టూ చూస్తుంది.

ఇదే నీటి మీద పెద్ద పెద్ద వేడుకలు కూడా జరిగాయి. 2018 నవంబరులో ఫార్ములా వన్ పవర్ బోట్ల ప్రపంచ పోటీ ఇక్కడ పెట్టారు. బెజవాడ జనం ఘాట్ల నిండా నిలబడి చూశారు. 2024 నవంబరు 9న పున్నమి ఘాట్ నుంచి నీళ్ల మీద పరుగెత్తి గాల్లోకి లేచిన విమానం శ్రీశైలంలో మళ్లీ నీళ్ల మీదే దిగింది. సీ ప్లేన్ అన్నారు దాన్ని. అవి చూడముచ్చటైన రోజులు. కాదనను. కానీ నా లెక్కలో అసలైన పరీక్ష అది కాదు. పోటీలు, ప్రదర్శనలు ఏమీ లేని మామూలు ఆదివారం, ఆ నాన్నమ్మ సుఖంగా పడవ ఎక్కి, సుఖంగా దిగిందా? అదీ పరీక్ష.

ఆ పరీక్షలో మనం ఒకసారి చాలా ఘోరంగా తప్పాం.

2017 నవంబరు 12. కార్తీక మాసం, ఆదివారం. మీలో చాలామందికి ఆ రోజు గుర్తుండే ఉంటుంది. ఇబ్రహీంపట్నం దగ్గర ఫెర్రీ అని పిలుచుకునే చోటు ఉంది. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్లు కృష్ణలో కలిసేది అక్కడే. పవిత్ర సంగమం అంటున్నాం. సాయంత్రం అక్కడ నదికి హారతి ఇస్తారు. ఆ హారతి చూడాలని జనం ఒక పడవ ఎక్కారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. ఒకే ఊరివాళ్లు, ఒకరికొకరు తెలిసినవాళ్లు, కలిసి సరదాగా వచ్చినవాళ్లు. సంగమం దగ్గర ఆ పడవ బోల్తా పడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఒడ్డు కనిపిస్తూనే ఉంది. ఘాట్ మీద జనం ఉన్నారు. అయినా చనిపోయారు.

ఆ పడవకు అక్కడ తిరగడానికి అనుమతి లేదని తర్వాత తేలింది. ఎక్కినవాళ్ల ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు.

ఇప్పుడు ఆ రెండు ప్రశ్నలు చెబుతాను. మొదటిది: నాకు లైఫ్ జాకెట్ ఏది? రెండోది: ఈ పడవ ఎంతమందికి? మళ్లీ చెబుతున్నాను. నా జాకెట్ ఏది? ఈ పడవ ఎంతమందికి? టికెట్ చేతికి తీసుకునే ముందే, రేవులో నిలబడే అడగాలి. అడగడానికి మొహమాటపడకండి. మంచి సరంగు ఆ ప్రశ్నకు విసుక్కోడు. ఎవరైనా విసుక్కున్నారంటే ఆ పడవ ఎక్కవద్దు. డబ్బులు పోయినా సరే.

జాకెట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మనవాళ్లు జాకెట్ తీసుకుంటారు. భుజాన వేసుకుంటారు, లేదా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. ఎండగా ఉందని, ఫొటోలో చీర కనిపించదని బకిల్స్ పెట్టుకోరు. పడవ ఒరిగేటప్పుడు జాకెట్ వెతుక్కునే వ్యవధి ఉండదు. ఒళ్లో ఉన్నది ముందు నీళ్లలోకి పోతుంది. వేసుకుని బకిల్స్ పెట్టకపోతే, నీళ్లలో పడగానే అది పైకి తేలి చేతుల్లోంచి ఊడొస్తుంది. మనం కిందికి పోతాం. అందుకని అన్ని బకిల్స్ పెట్టి, పట్టీ బిగించాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. గడ్డం దాకా రాకుండా నిలబడిందా, సరిపోయినట్టు. చిన్నపిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ వేసి సరిపెట్టకూడదు. పిల్లల కొలతవి వేరే ఉంటాయి. అవి అడిగి తీసుకోండి. ఈత వచ్చినవాళ్లకు అక్కర్లేదనే మాట కూడా నమ్మకండి. తల దేనికో తగిలి స్పృహ తప్పితే ఈత ఏం చేస్తుంది?

ఇక ఎంతమంది అన్న ప్రశ్న. పడవ మునగడానికి బరువు ఒక్కటే కారణం కాదు. బరువు ఎక్కడుందన్నది ఇంకా ముఖ్యం. అందరూ కింద, పడవ నడుమ కూర్చుంటే అది కుదురుగా ఉంటుంది. జనం లేచి నిలబడితే బరువు పైకెక్కుతుంది, పడవ తూలుతుంది. రెండంతస్తుల పడవలో అందరూ పై అంతస్తుకు చేరితే మరీను. ఆ సమయంలో ఎవరో అదిగో అని వేలు చూపిస్తారు. కొంగలు ఎగురుతున్నాయనో, హారతి మొదలైందనో. అందరూ ఫోన్లు పట్టుకుని ఒకే పక్కకు ఉరుకుతారు. అంతే. పడవ ఆ పక్కకు ఒరుగుతుంది. ఒరిగేకొద్దీ మనుషులు ఇంకా అటే జారతారు. సరంగు "కూర్చోండి బాబూ, కూర్చోండమ్మా" అని అరుస్తున్నాడంటే మన సరదా చెడగొట్టడానికి కాదు. చుక్కాని పట్టుకున్న చేతికి పడవ తూలడం అందరికంటే ముందు తెలుస్తుంది. ఆయన మాట వినండి.

2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర ఇంకో పెద్ద ప్రమాదం జరిగింది. పాపికొండలు చూడడానికి వెళ్తున్న లాంచీ మునిగింది. ఆ రోజు గోదావరికి వరద ఉంది. మన దగ్గర 2017, అక్కడ 2019. ఆ తర్వాతే బోటింగ్ జరిగే రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఏ పడవలో ఎంతమంది వెళ్తున్నారో, పడవ ఫిట్‌గా ఉందో లేదో, నదికి వరద ఉందో లేదో ఒకచోట కూర్చుని చూసుకునే ఏర్పాటు అది. మన బెరం పార్కు కూడా ఆ రేవుల్లో ఒకటి.

వరద అన్నాను కదా. బ్యారేజీ గేట్లు ఎత్తితే నీరు వేరే నీరైపోతుందని ఇందాక చెప్పాను. 2024 సెప్టెంబరు మొదట్లో ఏం జరిగిందో మనందరం కళ్లారా చూశాం. బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. అంతకుముందు ఎన్నడూ అంత రాలేదు. భవానీ ద్వీపం మునిగింది. పైన ఎక్కడో కట్టేసి ఉన్న పెద్ద పెద్ద ఇనుప పడవలు తాళ్లు తెంచుకుని కొట్టుకొచ్చి గేట్లకు గుద్దుకున్నాయి. గేట్ల బరువుకు సరితూగేలా పెట్టిన కాంక్రీట్ దిమ్మెలు విరిగాయి. మనుషులు లేని పడవలే అంత పని చేశాయి. వరద రోజుల్లో బోటింగ్ ఎందుకు ఆపేస్తారో చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

దసరా రోజుల సంగతి గుర్తు చేసుకోండి. విజయదశమి సాయంత్రం దుర్గాఘాట్ దగ్గర తెప్పోత్సవం. దీపాలతో మెరిసే హంస వాహనం మీద అమ్మవారూ స్వామివారూ కృష్ణలో విహరిస్తారు. ఆ వేడుక కోసం ఊరూరి జనం వస్తారు. నదికి వరద ఉన్న సంవత్సరం మాత్రం హంస వాహనాన్ని కదిలించరు. ఒడ్డున కట్టేసి ఉంచి, అక్కడే పూజలు చేస్తారు. అమ్మవారి వాహనాన్నే వరదలో నదిలోకి దించరు. ఇంక మన షికారు పడవ ఏపాటిది? అందుకని ఆదివారం ఘాట్‌కు వెళ్లాక "ఈ రోజు బోట్లు లేవు" అంటే గొడవ పెట్టుకోకండి. ఆ మాట చెప్పినవాళ్లు తమ పని సరిగ్గా చేస్తున్నారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీళ్లు కుదురుగా ఉంటాయి, ఎండ కూడా మంచిగా ఉంటుంది. షికారుకు ఆ రోజులు పెట్టుకోండి.

ఇప్పుడు బ్యారేజీ దాటి కిందికి వద్దాం. చూస్తే నా మనసు ఊరుకోని చోటు ఒకటుంది. మన కాలువలు.

బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. విజయవాడలో ఉన్నవాళ్లు రోజూ వీటిని దాటుతుంటారు. ఒకప్పుడు వీటి నిండా పడవలే. ఆనకట్ట కట్టినప్పుడే, కాలువ అంటే పొలానికి నీళ్లు ఒక్కటే కాదు, సరుకు రవాణాకు దారి కూడా అని లెక్క వేసుకుని తవ్వారు. ఏలూరు కాలువ ఏలూరు దగ్గర గోదావరి కాలువతో కలుస్తుంది. ఇటు పక్క కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది. అది చెన్నపట్నం దాకా పోతుంది. అంటే కాకినాడలో పడవ ఎక్కిన సరుకు, సముద్రంలోకి దిగకుండానే, మన బెజవాడ మీదుగా చెన్నపట్నం చేరేది. ధాన్యం, ఉప్పు, కలప, పొగాకు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. గాలి లేకపోతే పడవకు తాడు కట్టి, గట్టు మీద నడుస్తూ మనుషులు లాగేవారు. పగలంతా లాగి, పొద్దుగూకాక గట్టున పొయ్యి రాజేసుకుని అన్నం వండుకునేవారు.

మీరు ఎప్పుడైనా బందరు లాకుల మీదుగా వెళ్లారా? సిటీ బస్సులో ఆ పేరు చాలాసార్లు వినే ఉంటారు. లాకు అంటే పడవను ఒక ఎత్తు నుంచి ఇంకో ఎత్తుకు దింపే ఏర్పాటు. పై కాలువలో నీళ్లు ఎత్తులో ఉంటాయి, కింది కాలువలో పల్లంలో ఉంటాయి. మధ్యలో ఒక పొడవాటి గది. రెండు చివర్లా తలుపులు. పడవ గదిలోకి వచ్చాక పై తలుపు మూస్తారు. నెమ్మదిగా నీళ్లు కిందికి వదులుతారు. నీళ్లతో పాటు పడవ కూడా మెల్లగా దిగుతుంది. కింది కాలువ మట్టానికి రాగానే ముందు తలుపు తెరుస్తారు. పడవ బయటికి వెళ్లిపోతుంది. ఒక్క కుదుపు కూడా ఉండదు. డెల్టాలో పిల్లలు ఇది చూడకుండా పెరుగుతున్నారే అని నాకు బాధగా ఉంటుంది.

కేరళలో అలెప్పీ వైపు వెళ్లినవాళ్లు పడవ ఇళ్ల గురించి కథలు కథలుగా చెబుతారు. ఆ పడవలు ఒకప్పుడు ఏం మోసేవో తెలుసా? ధాన్యం. లారీలు వచ్చాక పని పోయిన ధాన్యం పడవలకు పైకప్పు వేసి, గదులు కట్టి, మనుషులను ఎక్కించారు. మన దగ్గరా ధాన్యం పడవలుండేవి. మన దగ్గరా లారీలొచ్చాయి. మన పడవలు మాత్రం గట్టునే చీకిపోయాయి. ఇప్పుడు కాలువల్లో చాలాచోట్ల గుర్రపుడెక్క. మీద కిందికి దిగిన వంతెనలు. ఊరి మురుగు. కాలువ మొత్తాన్ని మళ్లీ పడవల దారి చేయాలని నేను అనడం లేదు. ఊరు దాటాక, రెండు లాకుల మధ్య శుభ్రంగా ఉన్న ఒక్క ముక్క చాలు. రెండు వైపులా కొబ్బరి చెట్లు, వరి చేలు. చిన్న పడవ. పిల్లలకు లాకు ఎలా పని చేస్తుందో చూపించే ఒక మనిషి. కాలువల్లో నీళ్లుండే నెలల్లో ఈ ఏర్పాటుకు పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంకా కిందికి పోదాం. దివిసీమకు.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయల మధ్య నేలే దివిసీమ. ఒక పాయ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పెద్ద పాయ నాగాయలంక మీదుగా వెళ్లి, మళ్లీ చీలి, లంకలను చుట్టుకుంటూ కలుస్తుంది. నాగాయలంక దగ్గర నది ఎంత వెడల్పంటే అవతలి గట్టు పలచటి గీతలా ఉంటుంది. శ్రీరామపాదక్షేత్రం ఘాట్‌లో నిలబడి చూస్తే కృష్ణ ఇంత పెద్దదా అనిపిస్తుంది. చేపలు పట్టే కుటుంబాల పిల్లలు అక్కడ కయాకింగ్ నేర్చుకుని పోటీలకు వెళ్తున్నారు. తెడ్డు పట్టడం వాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

నాగాయలంక వైపు పడవ ఎక్కితే చూడవలసింది మడ అడవి. నీళ్లలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ బురదలో ఎండ్రకాయలు. కొమ్మల మీద కొంగలు. కృష్ణా అభయారణ్యం ఇదే. బావురుపిల్లి ఇక్కడుంటుంది. ఈదుతూ చేపలు పట్టే పిల్లి అది. పగటిపూట కనిపించడం అరుదు. కనిపించలేదని నిరాశపడకండి. బురదలో దాని అడుగులు చూపించమని పడవ నడిపే బాబాయిని అడగండి. ఆయన చూపిస్తాడు.

ఈ మడ చెట్లను దివిసీమవాళ్లు వేరే కళ్లతో చూస్తారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. మడ అడవి అడ్డు ఉన్నచోట నీటి జోరు తగ్గిందని అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కాబట్టి ఆ అడవిలోకి షికారుకు వెళ్లినప్పుడు ఒక్క కొమ్మ కూడా విరవకండి. నీళ్ల సీసా, చిప్స్ కవరు అక్కడ వదలకండి.

ఇక్కడ నది మీద ఇంకో అధికారి ఉంటాడు. ఆయన సముద్రుడు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు నదిలోకి ఎగదన్నుతుంది. పాటుకు నీరు తీసేస్తుంది. పొద్దున పడవ తేలుతూ వెళ్లిన కాలువలో, మధ్యాహ్నానికి బురద బయటపడుతుంది. పడవ కూరుకుపోతే మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. నాగాయలంక పడవవాళ్లు "ఇప్పుడు కాదు, పదింటికి రండి" అన్నారంటే వాళ్లు పోటు లెక్క చూసుకుంటున్నారన్నమాట. తొందరపెట్టకండి.

ఏటిమొగ దగ్గర ఏరు దాటించే పంటు ఉంది. ఎదురుమొండి లంకలవాళ్లు రోజూ దాని మీదే ఇవతలికి వస్తారు. బడి పిల్లలు, పాలవాళ్లు, ఆసుపత్రికి వెళ్లే గర్భిణులు, మోటార్ సైకిళ్లు. మనకు పడవ షికారు. వాళ్లకు అది రోజువారీ దారి. వంతెన కోసం వాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. మీరు సరదాగా పంటు ఎక్కినప్పుడు పనుల మీద పోయేవాళ్లకు ముందు చోటివ్వండి.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి ఉంది. లోకంలోని పాపాలన్నీ తనలో చేరిన గంగమ్మ కాకి రూపంలో తిరిగి తిరిగి, ఇక్కడ మునగగానే హంసగా మారిందని కథ. మాఘ పౌర్ణమికి, కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానానికి జనం బాగా వస్తారు. ఒక సంగతి చెప్పాలి. పౌర్ణమికి, అమావాస్యకు పోటు మామూలు కంటే పెద్దది. అంటే మనం పిల్లాపాపలతో స్నానానికి వెళ్లే రోజు, సముద్రం ఎక్కువ పొంగే రోజు ఒకటే. మోకాలి లోతు దాటకండి. పిల్లల చెయ్యి వదలకండి.

బందరు దగ్గర మంగినపూడి బీచ్ గురించి మీకు తెలిసిందే. అక్కడ లోతు తక్కువ. అందుకే కుటుంబాలు ఎక్కువగా వెళ్తాయి. 2025 జూన్‌లో మసూలా బీచ్ ఫెస్టివల్ అని నాలుగు రోజులు చేశారు. సముద్రం మీద కయాకింగ్ పోటీలు కూడా పెట్టారు. ఈ తీరంలో పూర్వం మసూలా పడవలుండేవి. మేకులు లేకుండా, పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి చేసేవారు. అల వచ్చి కొడితే ఆ కుట్టు కాస్త వంగి, విరగకుండా నిలిచేది. ఓడలు లోపల లంగరు వేసుకుని నిలబడితే, సరుకునూ మనుషులనూ అలల్లోంచి ఒడ్డుకు తెచ్చినవి ఆ పడవలే. మేకు కొట్టిన గట్టి ఇంగ్లీషు పడవలు ఆ అలలకు పగిలిపోయేవి. ఇంత పనితనం మన తీరంలో ఉండేదని పిల్లలకు చెప్పండి. వీలైతే బీచ్ దగ్గర అలాంటి పడవ ఒకటి కుట్టించి పెట్టాలని నా కోరిక.

బాపట్ల వైపు సూర్యలంక కూడా మన డెల్టా తీరమే. సముద్రానికి ఎదురుగానే పర్యాటక శాఖ కాటేజీలున్నాయి. రాత్రి అక్కడే ఉండి, తెల్లవారాక తీరం వెంట నడవవచ్చు. సెలవు రోజుల్లో హైదరాబాదు నుంచి కూడా వస్తారు. దురదృష్టం, అలాంటి రోజుల్లోనే కుర్రాళ్లు కొట్టుకుపోయారన్న వార్తలూ వస్తుంటాయి. ఎందుకలా జరుగుతుందో విన్నారా? ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా తిరిగి లోపలికి పోవాలి కదా. అది ఒక్కోచోట పాయలా ఏర్పడి, వేగంగా లోపలికి లాగుతుంది. పైకి చూస్తే అక్కడ అలలు తక్కువగా, నీరు నిదానంగా కనిపిస్తుంది. అదే మోసం. ఆ పాయలో చిక్కినవాళ్లు ఒడ్డు వైపు ఎదురీదుతారు. అలసిపోయి మునుగుతారు. ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడి, పక్కకు ఈదాలి. ఆ పాయ వెడల్పు ఎక్కువ ఉండదు. దాని నుంచి బయటపడ్డాక అలలే మిమ్మల్ని ఒడ్డుకు తెస్తాయి. మళ్లీ చెబుతున్నాను. ఎదురీదకండి. పక్కకు ఈదండి. ఈత రాకపోతే చేతులు ఊపుతూ, వెల్లకిలా తేలడానికి ప్రయత్నించండి. ఇంట్లో కాలేజీకి వెళ్లే పిల్లలుంటే ఈ మాట ఈ రోజే చెప్పండి.

చివరగా ఒక విన్నపం. ఇది ఘాట్లు కట్టేవాళ్లకు.

2016లో కృష్ణా పుష్కరాలకు విజయవాడలో ఘాట్లు వెడల్పు చేశారు. మళ్లీ పుష్కరాలు 2028లో వస్తాయి. అప్పుడు మళ్లీ పనులు మొదలవుతాయి. ఘాట్ మెట్లు స్నానానికి బాగుంటాయి. పడవ ఎక్కడానికి బాగుండవు. నీటిమట్టం ఈ రోజు ఒక మెట్టు దగ్గర, రేపు ఇంకో మెట్టు దగ్గర ఉంటుంది. పడవ అంచుకూ మెట్టుకూ మధ్య సందు వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఆ సందు దాటలేక ఒడ్డునే కూర్చుండిపోతుంది. నీటితో పాటు లేచి, నీటితో పాటు దిగే తేలే జెట్టీ ఒకటి ఉంటే ఆ ఇబ్బంది ఉండదు. చక్రాల కుర్చీ కూడా నేరుగా పడవలోకి పోతుంది. దాని పక్కన ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, జాకెట్లు ఉతికి ఆరబెట్టే చోటు, ఈ పడవ ఎంతమందికి అన్న అంకె దూరానికి కనిపించేలా రాసిన బోర్డు. ఇవి పున్నమి ఘాట్‌లోనూ కావాలి, నాగాయలంకలోనూ కావాలి, పంటు ఆగే ఏటిమొగలోనూ కావాలి. మీ ఊరి ఘాట్ పనులు మొదలైనప్పుడు మీరూ అడగండి.